గెలిచిన పార్టీలోంచి బయటికొచ్చి ప్రశ్నించారు.. మద్రాసు సర్కారుపై తొలి అవిశ్వాసం పెట్టారు.. కట్టమంచి రామలింగారెడ్డి కథ ఇదీ!

1923 నవంబర్ 27. మద్రాసు శాసనమండలి సమావేశం నడుస్తోంది. ఎన్నికలు అయిపోయి ఇంకా నెల కూడా కాలేదు. కొత్త మంత్రివర్గం ఏర్పాటై ఎనిమిది రోజులే అయ్యింది. అంతలోనే ఒక సభ్యుడు లేచి, ఈ మంత్రులపై సభకు విశ్వాసం లేదంటూ తీర్మానం పెట్టారు. మద్రాసు శాసనసభ చరిత్రలో అలాంటి తీర్మానం రావడం అదే మొదటిసారి.

పెట్టిన ఆయన కాంగ్రెస్ నాయకుడు కాదు. కొంతకాలం కిందటి వరకు అధికార జస్టిస్ పార్టీలోనే ఉన్న మనిషి. మంత్రుల తరఫు కీలక నేత, తొలి మంత్రి పానగల్ రాజా తెలుగువారే. తీర్మానం పెట్టిన ఆయన కూడా తెలుగువారే. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి. జనం నోట సి.ఆర్.రెడ్డి.

ఆంధ్రా యూనివర్సిటీ తొలి వైస్ ఛాన్సలర్‌గా, ముసలమ్మ మరణం రాసిన కవిగా ఈ పేరు చాలామందికి తెలుసు. కానీ చట్టసభలో ఓ సర్కారును నిలదీసిన నాయకుడిగా ఆయన కథ అంతగా ప్రచారంలో లేదు. అసలు ఆ రోజు ఏం జరిగింది? సొంతవాళ్ల మీదే ఆయన ఎందుకు తిరగబడ్డారు? చివరికి ఎవరు నెగ్గారు?

చిత్తూరు కుర్రాడు.. కేంబ్రిడ్జి వేదికపై

రామలింగారెడ్డి 1880 డిసెంబర్ 10న చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచిలో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. ఆ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరులో చదువుకుని, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు.

అక్కడ విద్యార్థిగా ఉండగానే ఒక కావ్యం రాశారు. అదే ముసలమ్మ మరణం. కాలేజీలోని భాషా సంఘం పెట్టిన పోటీలో దానికి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కథ అది. గట్టు తెగబోతుంటే, ఊరిని కాపాడటానికి ఓ రైతు ఇంటి కోడలు తన ప్రాణం ఇచ్చేస్తుంది. రాజులు, రాణులు, దేవతలు కథానాయకులుగా ఉండే కాలంలో ఆయన పల్లెటూరి ఆడపడుచును ఎంచుకున్నారు. ఆధునిక తెలుగు కవిత్వం గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఈ పుస్తకం పేరు ముందు వరసలో వస్తుంది.

ఆ తర్వాత స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లారు. కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చదివారు. అక్కడి కేంబ్రిడ్జి యూనియన్ అంటే వాదనలకు పెట్టింది పేరు. బ్రిటన్ పార్లమెంటులో మాట్లాడబోయే కుర్రాళ్లు ముందు అక్కడ గొంతు సవరించుకునేవారు. ఆ యూనియన్‌కు వైస్ ప్రెసిడెంట్‌గా ఎన్నికైన తొలి భారతీయుడు రామలింగారెడ్డి. సభలో ఎదుటివాడి వాదనలో చిల్లు ఎక్కడుందో పట్టుకోవడం, నవ్విస్తూనే నిలదీయడం.. ఈ విద్య ఆయనకు అక్కడే అబ్బింది.

తిరిగొచ్చాక బరోడా కాలేజీలో వైస్ ప్రిన్సిపల్ అయ్యారు. అంతకు ముందు అక్కడ పనిచేసినవారు అరవింద ఘోష్. బరోడా నుంచి మైసూరు వెళ్లారు. మహారాజా కాలేజీలో ప్రొఫెసర్, తర్వాత ప్రిన్సిపల్, ఆపైన సంస్థానం మొత్తానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్. స్కూళ్లు ఎక్కడ పెట్టాలి, డబ్బు ఎక్కడ నుంచి రావాలి, ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగుతుంది.. ఇవన్నీ ప్రభుత్వం లోపల కూర్చుని చూశారు.

ఈ మధ్యలో 1914లో కవిత్వ తత్త్వ విచారము అనే విమర్శ పుస్తకం తెచ్చారు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని, ప్రబంధ కవుల పద్ధతిని సూటిగా పరీక్షించారు. పాత పండితులకు కోపం వచ్చింది. పెద్ద దుమారమే రేగింది. పేరున్నవాళ్లు కదా అని ఊరుకునే అలవాటు ఆయనకు లేదని తెలుగువాళ్లకు అప్పుడే అర్థమైంది.

1921లో మైసూరు కొలువు వదిలేశారు. మద్రాసు రాజకీయాల్లోకి వచ్చారు. జస్టిస్ పార్టీ తరఫున శాసనమండలిలో అడుగుపెట్టారు.

ఒకే సర్కారు.. రెండు ముక్కలు

ఆయన అడుగుపెట్టిన సభ ఎలాంటిదో తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ పార్లమెంటు 1919 చట్టం చేసింది. దాన్ని మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు అంటారు. రాష్ట్రాలకు కొంత అధికారం ఇస్తున్నామని చెప్పారు. ఏది ఢిల్లీది, ఏది రాష్ట్రానిది, రాష్ట్రంలో ఏది ఎవరిది అని పంచిపెట్టిన నిబంధనల పేరే డెవల్యూషన్ రూల్స్. అంటే అధికార బదలాయింపు రూల్స్.

బదలాయించారు సరే.. కానీ సగమే! విద్య, స్థానిక సంస్థలు, ప్రజారోగ్యం, వ్యవసాయం, ఎక్సైజ్ లాంటి శాఖలు మంత్రులకు ఇచ్చారు. వీటిని బదిలీ శాఖలు అన్నారు. పోలీసు, భూమి శిస్తు, నీటిపారుదల, ఆర్థికం మాత్రం గవర్నర్, ఆయన కార్యనిర్వాహక సభ్యుల దగ్గరే ఉంచుకున్నారు. ఇవి రిజర్వుడు శాఖలు. ఒకే ప్రభుత్వంలో రెండు ప్రభుత్వాలు. దీన్నే ద్వంద్వ పాలన అంటారు.

మంత్రులు సభకు జవాబుదారీ. రెండో సగం మాత్రం గవర్నర్‌కు, ఆ పైన లండన్‌కు జవాబుదారీ. రిజర్వుడు శాఖల బడ్జెట్‌ను సభ కోసేసినా, గవర్నర్ తన అధికారంతో ఆ డబ్బును మళ్లీ మంజూరు చేసుకోవచ్చు.

దీని ఫలితం తెలుగు జిల్లాల్లో స్పష్టంగా కనిపించింది. చీరాల-పేరాలను మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో జనం ఊళ్లు ఖాళీ చేసి బయట గుడిసెలు వేసుకున్నారు. మున్సిపాలిటీ అంటే స్థానిక సంస్థల శాఖ. అది మంత్రి పరిధిలోకి వస్తుంది. అదే సమయంలో పల్నాడు రైతులు అడవిలో పశువుల మేత కోసం పుల్లరి కట్టబోమని తిరగబడ్డారు. అడవుల శాఖ మద్రాసులో మంత్రికి ఇవ్వలేదు. 1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటం మొదలైంది. అక్కడికి వెళ్లింది పోలీసులు. అదీ రిజర్వుడే. ఒక రైతు కష్టం గురించి సభలో అడగాలంటే, ముందు ఆ కష్టం ఏ సగంలో ఉందో వెతుక్కోవాలి!

మంత్రులకూ ఇదే ఇబ్బంది. అభివృద్ధి శాఖ మంత్రిగా పనిచేసిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు తర్వాత ఒక విచారణ కమిటీ ముందు తన గోడు చెప్పుకున్నారు. వ్యవసాయం తనకిచ్చి నీటిపారుదల ఇవ్వలేదని, అభివృద్ధి అని పేరు పెట్టి అడవులు ఇవ్వలేదని వివరించారు. ద్వంద్వ పాలన ఎందుకు విఫలమైందో చెప్పడానికి చరిత్ర పుస్తకాలన్నీ ఈ వాంగ్మూలాన్నే వాడుకుంటాయి.

దీనికి తోడు డబ్బు సమస్య. కొత్త ఏర్పాటులో రాష్ట్రాలు ఏటా ఢిల్లీకి మొత్తం 983 లక్షల రూపాయలు కట్టాలని మెస్టన్ కమిటీ లెక్క వేసింది. అందులో ఒక్క మద్రాసు వాటాయే 348 లక్షలు. దేశంలో అందరికంటే ఎక్కువ. బడి కావాలన్నా, ఆస్పత్రి కావాలన్నా మంత్రి ఆర్థిక శాఖ దగ్గరికి వెళ్లాలి. ఆ శాఖేమో రెండో సగం చేతిలో ఉంది.

ప్రశ్న అడిగే హక్కు.. అంచెలంచెలుగా

ఇప్పుడు అసెంబ్లీ అనగానే ముందు గుర్తొచ్చేది ప్రశ్నోత్తరాల సమయం. ఆ హక్కు ఒక్కరోజులో రాలేదు. 1892కు ముందు మన చట్టసభల్లో సభ్యుడికి ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగే హక్కే లేదు. 1892 చట్టంతో ప్రశ్న వేసే వీలు వచ్చింది. కానీ జవాబు ఎలా ఉన్నా విని కూర్చోవాల్సిందే. దాని మీద ఇంకో ప్రశ్న వేయడానికి లేదు.

1909 సంస్కరణల్లో ఒక మెట్టు ఎక్కారు. ప్రశ్న అడిగిన సభ్యుడు జవాబు మీద అనుబంధ ప్రశ్న వేయొచ్చు. మిగతావాళ్లు మాత్రం నోరు మెదపకూడదు. 1919 చట్టం తర్వాత ఆ అడ్డూ తొలగింది. ఎవరు అడిగిన ప్రశ్న మీదైనా, ఏ సభ్యుడైనా లేచి అనుబంధ ప్రశ్న వేయొచ్చు.

చూడటానికి చిన్న మార్పే. అసలు దెబ్బ ఇక్కడే ఉంది. ముందే నోటీసు ఇచ్చిన ప్రశ్నకు ఆఫీసులో గుమాస్తాలు జవాబు రాసి పెడతారు. మంత్రి చదివేస్తే సరిపోతుంది. అనుబంధ ప్రశ్నకు అలా కుదరదు. అక్కడికక్కడ చెప్పాలి. శాఖ మీద పట్టు ఉందో లేదో అప్పుడే బయటపడుతుంది. కేంబ్రిడ్జి యూనియన్‌లో ఆరితేరిన రామలింగారెడ్డి లాంటివారికి ఇది సరిగ్గా సరిపోయే బరి.

ఇంకో ఆయుధం కూడా సభ చేతికి వచ్చింది. మంత్రుల జీతం ఎంతో సభే ఓటు వేసి నిర్ణయించాలి. రిజర్వుడు శాఖలు చూసే కార్యనిర్వాహక సభ్యుల జీతం మాత్రం సభ ముట్టుకోవడానికి లేదు. 1924లో బెంగాల్ సభ ఈ ఆయుధాన్ని వాడి మంత్రుల జీతాలకే ఎసరు పెట్టింది.

సొంత పార్టీలో సెగ

1920 నవంబర్‌లో కొత్త చట్టం కింద మద్రాసులో తొలి ఎన్నికలు జరిగాయి. రాష్ట్రంలో జనం నాలుగు కోట్ల పైచిలుకు. ఓటు హక్కు ఉన్నవాళ్లు దాదాపు పన్నెండున్నర లక్షల మంది. అందులో ఓటు వేసింది నాలుగోవంతు మంది. గాంధీ పిలుపుతో కాంగ్రెస్ బరిలో లేదు. ఎన్నికయ్యే సీట్లు 98. జస్టిస్ పార్టీకి 63 వచ్చాయి. వీటికి తోడు గవర్నర్ నామినేట్ చేసే సీట్లు 29.

తొలి మంత్రిగా ఉన్న సుబ్బరాయలు రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకున్నారు. 1921లో పానగల్ రాజా ఆ కుర్చీలోకి వచ్చారు. పూర్తి పేరు పానగంటి రామరాయణింగారు. కాళహస్తి ప్రాంతం ఆయనది. ఆయనతో పాటు కూర్మా వెంకటరెడ్డి నాయుడు, ఎ.పి. పాత్రో మంత్రులు.

పానగల్ సర్కారు పనులు చేయలేదని అనడానికి లేదు. బ్రాహ్మణేతరులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా దక్కేలా 1921లో, 1922లో కమ్యూనల్ జీవోలు వచ్చాయి. ఏ కులం వారికి ఎన్ని ఉద్యోగాలు ఇచ్చారో శాఖలన్నీ లెక్కలు పంపాలన్నారు. దేవాలయాల ఆస్తుల నిర్వహణపై బిల్లు తెచ్చారు. ఎం.సి. రాజా సభలో పెట్టిన తీర్మానంతో 1922లో పంచములు అనే మాట స్థానంలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లు సర్కారు రికార్డుల్లోకి ఎక్కాయి.

మరి గొడవ ఎక్కడ? లెక్కల దగ్గరే! జీవో వచ్చింది సరే, ఉద్యోగాలు ఎన్ని వచ్చాయని సొంత సభ్యులే అడగడం మొదలుపెట్టారు. అమలు నత్తనడకన సాగుతోందని మండిపడ్డారు. ముగ్గురు మంత్రులూ తెలుగు జిల్లాల వాళ్లేనని తమిళ సభ్యులు గుర్రుగా ఉన్నారు. అట్టడుగు వర్గాలకు పార్టీ చేసింది చాలదని ఎం.సి. రాజా 1923లో పార్టీ నుంచే బయటికి వెళ్లిపోయారు.

అన్నిటికంటే పెద్ద వివాదం జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు. రోడ్లు, బడులు, ఆస్పత్రులు వాటి చేతిలోనే ఉండేవి. ఆ బోర్డులకు మనుషుల్ని నామినేట్ చేసే అధికారం స్థానిక సంస్థల మంత్రిది. అంటే పానగల్ రాజాది. ఆ పదవులు చూపించి సభ్యుల్ని తన వైపు నిలుపుకుంటున్నారన్నది ఆయనపై ప్రధాన విమర్శ. నిలదీయాల్సిన సభ్యుడే మంత్రి ఇచ్చే పదవి కోసం ఎదురుచూస్తుంటే ఇక ప్రశ్నకు విలువేముంటుంది?

రామలింగారెడ్డి పార్టీలో ఉంటూ సర్దుకుపోయే దారి పట్టలేదు. అసమ్మతి సభ్యులతో కలిసి బయటికొచ్చారు. వారి కూటమికి యునైటెడ్ నేషనలిస్ట్ పార్టీ అని పేరు పెట్టారు. ఆయనే నాయకుడు.

ఎనిమిది రోజుల్లోనే సవాల్

1923 అక్టోబర్ 31న రెండో ఎన్నికలు జరిగాయి. ఈసారి స్వరాజ్ పార్టీ కూడా దిగింది. జస్టిస్ పార్టీకి గట్టి దెబ్బ తగిలింది. 63 ఉన్న సీట్లు 44కు పడిపోయాయి. ఎన్నికైన 98 మందిలో సగం కూడా కాదు. అయినా గవర్నర్ విల్లింగ్డన్ మళ్లీ పానగల్ రాజానే పిలిచారు. నవంబర్ 19న మంత్రివర్గం కొలువుదీరింది. తమిళుల అసంతృప్తిని చల్లార్చడానికి వెంకటరెడ్డి నాయుడిని తప్పించి శివజ్ఞానం పిళ్లెను తీసుకున్నారు.

ఇక్కడే రామలింగారెడ్డికి ఆయుధం దొరికింది. మంత్రి పదవి గవర్నర్ ఇచ్చే బహుమానమా? లేక సభ మద్దతుతో నిలబడాల్సిన బాధ్యతా? చట్టం చూస్తే మంత్రి గవర్నర్ ఇష్టం ఉన్నన్నాళ్లు ఉంటారు. సభ విశ్వాసం పోతే దిగిపోవాలని అందులో స్పష్టంగా లేదు. ఆ ఖాళీని బయటపెట్టడానికే అన్నట్టు ఆయన అవిశ్వాస తీర్మానం తెచ్చారు.

నిజానికి అది చాలా పెద్ద ప్రశ్న. రోజువారీ ప్రశ్నకు మంత్రి ఒక జవాబు చదివి కూర్చోవచ్చు. ఈ ప్రశ్నకు మాత్రం ప్రతి సభ్యుడూ జవాబు చెప్పాలి. ఎటు ఉన్నావో చేయెత్తి చూపాలి. స్వరాజ్ పార్టీవాళ్లు, స్వతంత్రులు, జస్టిస్ అసమ్మతివాదులు ఒక వైపు చేరారు. మంత్రులు, వారి పార్టీ మరో వైపు.

మర్నాడు, నవంబర్ 28న ఓటింగ్. తీర్మానానికి అనుకూలంగా 44. వ్యతిరేకంగా 65. తీర్మానం వీగిపోయింది. పానగల్ సర్కారు గట్టెక్కింది.

తేడా 21 ఓట్లు. సభలో గవర్నర్ నామినేట్ చేసే సీట్లు 29. వాళ్లకూ ఓటు హక్కు ఉంది. లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు.

ఓడినా మిగిలింది ఏంటి?

ఓటింగ్‌లో రామలింగారెడ్డి ఓడారు. కానీ రెండు విషయాలు అప్పటి నుంచి మద్రాసులో అందరికీ తెలిసిపోయాయి.

ఒకటి.. మంత్రులు గవర్నర్ దగ్గర ప్రమాణం చేసినా, సభ ముందు బలం చూపించుకోక తప్పదు. తీర్మానం వీగిపోవడానికి కూడా మంత్రులు తమ మద్దతుదారులను సభకు రప్పించి ఓటు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ పని చేయడమంటే సభకు ఆ హక్కు ఉందని ఒప్పుకోవడమే.

రెండు.. నామినేటెడ్ ఓట్లున్నంత కాలం ఈ జవాబుదారీతనం సగమే. అధికారం సగం, ప్రశ్న సగం, జవాబూ సగం. ద్వంద్వ పాలనలో అసలు లోపం ఎక్కడుందో ఆ 65, 44 అంకెలు చూపించాయి.

పానగల్ రాజా 1926 దాకా కొనసాగారు. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన పార్టీ అధికారం కోల్పోయింది. ద్వంద్వ పాలన మాత్రం ఇంకో పదేళ్లు సాగింది. 1935 చట్టంతో రాష్ట్రాల్లో అది రద్దయ్యింది. 1937 నుంచి శాఖలన్నీ మంత్రుల చేతికి వచ్చాయి. పోలీసు గురించి అడిగినా, నీళ్ల గురించి అడిగినా జవాబు చెప్పాల్సింది ఎన్నికైన మంత్రే. గవర్నర్‌కు ప్రత్యేక అధికారాలు మిగిలినా, ప్రశ్న ఎవరిని అడగాలన్న గందరగోళం చాలావరకు తీరింది.

అడిగినవారే జవాబు చెప్పాల్సి వస్తే?

ఇక్కడే ఈ కథలో మలుపు. అదే సభ 1925లో ఆంధ్రా యూనివర్సిటీ చట్టాన్ని ఆమోదించింది. బిల్లును నడిపించింది విద్యామంత్రి పాత్రో. రామలింగారెడ్డి దించాలనుకున్న మంత్రుల్లో ఆయనా ఒకరు. 1926లో బెజవాడ కేంద్రంగా యూనివర్సిటీ మొదలైంది. తొలి వైస్ ఛాన్సలర్ ఎవరు? రామలింగారెడ్డే!

నిన్నటిదాకా ప్రశ్నలు వేసిన మనిషి ఇప్పుడు ఒక సంస్థను నడపాలి. దానికి భవనాల్లేవు. డబ్బు సరిపోదు. కేంద్రం ఎక్కడుండాలన్నదానిపై బెజవాడ, రాజమండ్రి, విశాఖ మధ్య లాగులాట. చివరికి విశాఖ వాల్తేరు ఖరారైంది. ఆ సముద్రం ఒడ్డున ఉన్న మెట్ట మీద యూనివర్సిటీకి పునాదులు వేసే పని ఆయన మీద పడింది.

1930 వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం. ఊరూరా లాఠీలు, అరెస్టులు. వైస్ ఛాన్సలర్ పదవి అంటే గౌరవం, సౌకర్యం. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. రామలింగారెడ్డి అలా కూర్చోలేదు. సర్కారు అణచివేతకు నిరసనగా పదవికి రాజీనామా చేశారు. సభలో మంత్రుల్ని కొలిచిన కొలబద్దతోనే తననూ కొలుచుకున్నారు. ఒక ప్రభుత్వం చేసే పనిని సమర్థించలేనప్పుడు ఆ ప్రభుత్వం నీడలో పదవి అక్కర్లేదనుకున్నారు.

ఆయన తర్వాత 1931లో ఆ బాధ్యత సర్వేపల్లి రాధాకృష్ణన్ తీసుకున్నారు. 1936లో రాధాకృష్ణన్ వెళ్లాక రామలింగారెడ్డి మళ్లీ వచ్చారు. ఈసారి 1949 వరకు ఆయనే. జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇవ్వడంతో సైన్సు, టెక్నాలజీ చదువులు నిలదొక్కుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విశాఖ తీరం ప్రమాదంలో పడితే యూనివర్సిటీని కొన్నాళ్లు గుంటూరుకు తరలించి నడిపారు.

1942లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. పన్నెండేళ్ల కిందట నిరసనగా రాజీనామా చేసిన మనిషికి అదే సర్కారు ఇచ్చిన బిరుదు అది. 1948లో ఆంధ్రా యూనివర్సిటీ ఆయన పేరిట ఉన్న జాతీయ బహుమతిని శ్రీ అరవిందులకు ప్రకటించింది. ఒకప్పుడు బరోడాలో అరవిందుల తర్వాత కుర్చీలో కూర్చున్న యువకుడు, నలభై ఏళ్లకు అదే అరవిందులకు తన పేరున్న బహుమతి ఇవ్వడం అరుదైన సంగతి.

1951 ఫిబ్రవరి 24న రామలింగారెడ్డి కన్నుమూశారు. అప్పటికి రాజ్యాంగం వచ్చి ఏడాది దాటింది. వయోజనులందరికీ ఓటు వచ్చింది. కానీ ఆ ఓటుతో జరిగిన తొలి ఎన్నికలు ఆయన చూడలేదు. 1953 అక్టోబర్ 1న తెలుగువాళ్లకు సొంత రాష్ట్రం, సొంత అసెంబ్లీ వచ్చాయి. అదీ ఆయన చూడలేదు.

ఇప్పటి అసెంబ్లీలో ఆయన జాడ

ఏలూరులో 1945లో మొదలైన సర్ సి.ఆర్.రెడ్డి కాలేజీ ఆయన పేరు మోస్తోంది. వాల్తేరు మెట్ట మీద యూనివర్సిటీ ఉంది. ముసలమ్మ మరణం ఇప్పటికీ చదువుతున్నారు. శాసనసభలో మాత్రం ఆయన గుర్తు అంతగా కనిపించదు. నిజానికి రోజూ కనిపించేది అక్కడే.

అమరావతిలో అయినా, హైదరాబాద్‌లో అయినా సభ మొదలవ్వగానే ప్రశ్నోత్తరాలు. మంత్రి రాసిచ్చిన జవాబు చదువుతారు. వెంటనే ఎవరో ఒక సభ్యుడు లేచి అధ్యక్షా అంటూ అనుబంధ ప్రశ్న వేస్తారు. ఇప్పుడు పోలీసు గురించైనా, కాలువ నీళ్ల గురించైనా, అడవి గురించైనా అడగొచ్చు. ఇది మా శాఖ కాదు, గవర్నర్‌ది అని తప్పించుకునే దారి మంత్రికి లేదు. సర్కారుపై విశ్వాసం లేదని తీర్మానం పెడితే, అందులో ఓటు వేసేది ఎన్నికైనవాళ్లే. అది నెగ్గితే మంత్రివర్గం దిగిపోవాల్సిందే.

అప్పటికీ ఇప్పటికీ మారని చిక్కు ఒకటుంది. ప్రశ్న వేయాల్సిన సభ్యుడికి మంత్రి దగ్గర నుంచి ఏదో ఒకటి కావాల్సి ఉంటే, ఆ ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. నూరేళ్ల కిందట అది జిల్లా బోర్డు పదవి. గెలిచిన పార్టీని వదిలి, ఓడిపోతానని తెలిసీ లేచి నిలబడిన కట్టమంచి ఆ పదవుల వరసలో నిలబడలేదు. ఆయన వైపు ఉన్న ఆ 44 ఓట్లకు ఈ రోజుకీ విలువ ఉంది అంటే అందుకే.